విషాద సారంగధర: విచారణ లేని తీర్పు

నాటక సమాజమువారు పాత నాటక మొకదానిని మరల రంగమెక్కింప సంకల్పించినపుడు మొదట ఆలోచించునది పాత్రధారులను గూర్చి. పిమ్మట తెరలను, దుస్తులను, హార్మోనియము వాయించువానిని గూర్చి. ఈ నాటకము ఎవరి దుఃఖమును చెప్పుచున్నది అను ప్రశ్న చిట్టచివరకు మిగిలి, ఒక్కొక్కప్పుడు అసలే ఎవ్వరికిని తోపకపోవుట కలదు. ధర్మవరము రామకృష్ణమాచార్యులుగారి 'విషాద సారంగధర' విషయమున ఈ లోపము చాల నష్టము కలిగించినదని మా అభిప్రాయము.

సారంగధర కథను మేము చూచిన ప్రదర్శనములలో చిత్రాంగి రంగమునకు వచ్చినంతనే సభలో ఈలలు వినవచ్చినవి. రాజు ఆగ్రహించి ఆజ్ఞ యిచ్చినంతనే చప్పట్లు మ్రోగినవి. రాజకుమారుని వధ్యభూమికి గొనిపోవునపుడు పలువురు కన్నులు తుడుచుకొనిరి. కన్నీరు యుక్తమే. మమ్ము కలవరపఱచినవి ఆ చప్పట్లు. నిరపరాధియైన కొడుకు కాలుసేతులు నఱకుడని చెప్పిన తండ్రిని సభవారు మెచ్చుకొనిరనిన, అందు లోపము సభవారిదా, నటునిదా, నాటకమును మనము అర్థము చేసికొన్న తీరుదా? ఈ ప్రశ్నను నగరమందలి న్యాయవాదులు, వైద్యులు, ఉపాధ్యాయులు, ఉద్యోగులు నగు మా పాఠకుల యెదుట నుంచుచున్నాము. సాయంకాలపు తీరికలో నాటకములాడువారును, వానికి టిక్కెట్లు కొనువారును వారే గదా.

కథ తెలియనివారు అరుదు. రాజమహేంద్రవరమేలు రాజరాజనరేంద్రునకు రత్నాంగి పట్టమహిషి; సారంగధరుడు వారి కుమారుడు. బహుళ ప్రచారమందిన కథనము ప్రకారము చిత్రాంగి మొదట ఆ కుమారునికై తలపబడిన కన్య. ఆమె సౌందర్యమునకు లోబడి తండ్రియే ఆమెను పరిగ్రహించెను. రాజు వేటకేగిన సమయమున సారంగధరుడు పావురముల నెగురవేయుచుండగా ఒకటి పోయి చిత్రాంగి మేడపై వ్రాలెను. మంత్రికుమారుడగు సుబుద్ధి వలదని వారించినను వినక, రాకుమారుడు పావురమునకై ఆ మేడకు పోయెను. చిత్రాంగి అతనిని కోరెను. అతడు నీవు నాకు తల్లివనెను. తిరస్కృతయైన ఆమె, రాజు మరలివచ్చినంతనే నేరమును తలక్రిందులు చేసి చెప్పెను. రాజు నమ్మెను, కుమారుని కాలుసేతులు ఖండింప నాజ్ఞాపించెను. నేటికిని రాజమహేంద్రవరమున సారంగధర మెట్టను చూపి ఈ కథ చెప్పుదురు.

ఈ కథను విషాదాంత నాటకముగా తెలుగువారికిచ్చిన రామకృష్ణమాచార్యులుగారు 1853లో జన్మించి 1912లో దివంగతులైరి. వారు బళ్ళారిలో న్యాయవాదులు. అచ్చటనే సరసవినోదినీ సభను నెలకొల్పి, స్వయముగా నాటకములు వ్రాసి, నటించి, నటింపజేసి, 'ఆంధ్ర నాటక పితామహు'లని పేరొందిరి. అదే ఊరిలో చారిత్రక నాటకములు వ్రాసిన కోలాచలము శ్రీనివాసరావుగారును న్యాయవాదులే. మేనమామ యగు ఆచార్యులవారి నీడలో పెరిగి నటనకు సహజత్వము నేర్పిన బళ్ళారి రాఘవగారు (1880–1946) కూడ న్యాయవాదులే. 1891లో సరసవినోదినీ సభవారు చెన్నపట్టణమునకు వచ్చి నాటకములాడగా, చూచి ప్రేరణ పొందిన పమ్మల్ సంబంధ మొదలియారుగారు ఆ సంవత్సరమే సుగుణ విలాస సభను స్థాపించి తమిళ నాటకమునకు కొత్త దారి తీసిరి. వారును న్యాయవాద వృత్తిలో ప్రవేశించి, తరువాత చెన్నపట్టణపు చిన్న వ్యాజ్యముల కోర్టులో న్యాయాధిపతిగా కూర్చుండిరి. సారంగధర కథను తమిళ నాటకముగా వ్రాసిరి.

ఇందరు న్యాయవాదులు ఒక్క రంగస్థలము చుట్టును చేరుట మాకు ముఖ్యముగా తోచుచున్నది. పగలు కచేరీలో సాక్ష్యమును, ప్రతిసాక్ష్యమును, అడ్డుప్రశ్నను చూచి, రాత్రి ముఖమునకు రంగు పూసికొనువారి చేతిలో పడిన కథ యిది. ఇందులో ఒక ఫిర్యాదు కలదు, ఫిర్యాది కలదు, ముద్దాయి కలడు, న్యాయాధిపతి కలడు, శిక్ష కలదు. లేనిదొక్కటియే - విచారణ. ఫిర్యాదియొక్క భర్తయు, ముద్దాయియొక్క తండ్రియు, తీర్పరియు ఒక్కడే. తన వ్యవహారమున తానే తీర్పరి కారాదను సూత్రము చదువుకొన్న ప్రతి వకీలునకును కంఠస్థమే. ఆ సూత్రమును మీరినపుడు ఇంటిలో నేమి జరుగునో సారంగధర కథ చూపుచున్నది.

ఆచార్యులవారి సాహసము మరియొకటి కలదు. సంస్కృత నాటక సంప్రదాయమున వధ మున్నగువానిని ప్రత్యక్షముగా చూపరాదు. నాటకము శుభముతో ముగియవలెను. భాసుని 'ఊరుభంగము' ఈ నియమమునకు లోబడదని తరువాత తెలిసినది గాని, తిరువనంతపురమున గణపతిశాస్త్రిగారు భాసనాటకములను అచ్చువేయించుట 1912 ప్రాంతపు మాట. బళ్ళారి న్యాయవాది తన నాటకమును వ్రాయునాటికి ఆ ఆధారము లేదు. ఆయన పేరులోనే 'విషాద' అను మాట చేర్చి, మంగళాంతమును కోరువారికి ముందుగానే హెచ్చరిక చేసెను.

పాత కథలో మంగళాంతము లేకపోలేదు. 15వ శతాబ్దివాడగు గౌరన తన ద్విపద కావ్యము 'నవనాథ చరిత్రము'న ఈ కథను చెప్పినాడు. అక్కడ ఇది నాథసిద్ధుని కథ. అవయవములు కోల్పోయిన రాకుమారుని మీననాథుడు అనుగ్రహింపగా కాలుసేతులు మరల మొలచి, అతడు చౌరంగి యను సిద్ధుడయ్యెను. 17వ శతాబ్దమున చేమకూర వేంకటకవి 'సారంగధర చరిత్రము' వ్రాసెను. ఆ శతాబ్దిలోనే అప్పకవి, సారంగధరుడు రాజరాజనరేంద్రుని కుమారుడనియు, నన్నయ వ్యాకరణమును బాల్యముననే కంఠస్థము చేసి సిద్ధుడైన పిమ్మట దానిని బాలసరస్వతికి ఒసంగెననియు చెప్పినాడు. 1883లో గురజాడ అప్పారావుగారు యువకులుగా నున్నపుడు ఈ కథనే ఆంగ్ల కావ్యముగా రచించిరి. 1957లో నందమూరి తారకరామారావు, భానుమతి గార్లు నటించిన చలనచిత్రము వచ్చినది. మూడు భాషలు, ద్విపద, ప్రబంధము, నాటకము, చలనచిత్రము - ఇన్ని రూపములు ధరించిన కథకు ఒక్కటే సత్యరూపమని ఎవ్వరు చెప్పగలరు? అందుచేత మార్చుట దోషము కాదు. ఏమి మార్చినందున ఏమి పోయినదో తెలియక మార్చుటయే దోషము.

చరిత్ర మాట యేమని కొందరడుగుదురు. రాజరాజనరేంద్రుడు 1022లో పట్టాభిషిక్తుడైనట్లు శాసనము చెప్పుచున్నది. అతని రాణి చోళ రాజేంద్రుని కూతురు అమ్మంగదేవి. వారి కుమారుడు రాజేంద్రుడు 1070లో చోళ సింహాసన మెక్కి కులోత్తుంగ చోళుడయ్యెను. రత్నాంగియు, చిత్రాంగియు, సారంగధరుడును ఆ వంశ శాసనములందు కానరారు. కావున నన్నయచే భారతమును వ్రాయింప మొదలిడిన ఆ రాజు పుత్రఘాతకుడను నింద చరిత్రకెక్కినది కాదు.

అయినను ఆ యింట ద్రోహము లేదనరాదు. రాజరాజునకు సవతి తల్లి కొడుకైన విజయాదిత్యుడు 1031 ప్రాంతమున అన్నను వెడలగొట్టి వేంగిని ఆక్రమించెను. అతనికి అండగా నిలిచినవారు పశ్చిమ చాళుక్యులు. వారిలో మొదటి సోమేశ్వరుడు తరువాత కల్యాణిని రాజధానిగా చేసికొనెను. ఆ కల్యాణియే నేటి బసవకల్యాణము. మంగళగి మున్నగు గ్రామములు గల బీదరు మండలములోనిదే. 1956 నవంబరు 1 వరకు ఆ మండలము హైదరాబాదు రాష్ట్రమున నుండి, అటుపై మైసూరున చేరినది. బళ్ళారి 1953లోనే మైసూరున చేరెను. సారంగధరుని కథ పుట్టిన గోదావరి తీరమును, ఆ కథకు విషాదరూపమిచ్చిన బళ్ళారిని, ఆ రాజు ఇంటికి అసలు చిచ్చు పెట్టుటకు తోడ్పడిన వంశమేలిన కల్యాణిని నేడు రాష్ట్రపు హద్దులు వేఱు చేసినవి. కథ హద్దులెరుగక తిరుగుచునే యున్నది. సవతి బిడ్డల వైరము చరిత్ర; సవతి తల్లి మోహము కల్పన. సింహాసనమునకై జరిగిన తగవును జనులు మఱచిరి. పడకటింటి తగవును మాత్రము వేయేండ్లనాటి రాజునకు అంటగట్టి మఱువకున్నారు.

ఇట్టి కథ మన దేశమునకే పరిమితము కాదు. అశోకుని కుమారుడగు కునాలుని సవతి తల్లి తిష్యరక్షిత కోరి, త్రోసిపుచ్చబడి, రాజముద్రను వంచనచే వేసి అతని కన్నులు తీయించిన కథ 'దివ్యావదానము'న కలదు. అందు అశోకునకు ఆజ్ఞ సంగతియే తెలియదు. మన కథలో తండ్రి మేలుకొనియుండి, తన నోటితో తానే ఆజ్ఞ యిచ్చినాడు. ఈ రెంటికిని గల భేదము సామాన్యమైనది కాదు.

యవన కవి యూరిపిడీసు ఇట్టి కథనే 'హిప్పోలిటసు' అను నాటకముగా రెండు పర్యాయములు వ్రాసెను. మొదటిదానిలో సవతి తల్లి ఫీడ్రా సిగ్గువిడిచి తానే సవతి కొడుకును కోరునట్లు చూపగా ఏథెన్సు సభ ఏవగించుకొన్నదని ప్రతీతి. క్రీస్తు పూర్వము 428లో ప్రదర్శించిన రెండవదానిలో ఆమె తన కోరికతో తానే పోరాడు స్త్రీ. దాది నోట రహస్యము బయటపడగా, అవమానమునకు వెఱచి ఉరి పోసికొని, చేత నిందాలేఖనొకదానిని విడిచిపోవును. ఆ నాటకమునకు ప్రథమ బహుమానము లభించినది. చచ్చిన మనిషి వ్రాసిన లేఖను అడ్డుప్రశ్న వేయుటెట్లు? తండ్రి థీసియసు లేఖను చూచెను, శపించెను. కొడుకు ప్రాణములు పోవుచుండగా సత్యము తెలిసెను. కొడుకు తండ్రిని క్షమించి మరణించును. 1677లో పరాసు కవి రసీను 'ఫేద్ర' వ్రాయునపుడు అబద్ధపు నేరారోపణ రాణి నోట రాకుండ, దాది నోట పెట్టెను. అంతటి నైచ్యము రాణికి తగదని తన పీఠికలో చెప్పుకొనెను.

మహాకవులిద్దరును కథను మార్చిరి. ఆ మార్పు లెందు కొఱకు? సవతి తల్లిని పిశాచముగా చూపినచో నాటకము చచ్చునని వారెరుగుదురు. చెడ్డది చెడ్డ పని చేసినదనిన అందు వింత యేమి, విషాదమేమి? ప్రేక్షకుడు ఈల వేసి యింటికి పోవును. ఆమె మనుష్యమాత్రురాలుగా కనబడినపుడే, ఇట్టిది మన యింటను జరుగవచ్చునను భయము ప్రేక్షకునకు కలుగును.

ఇప్పుడు మన చిత్రాంగిని చూడుడు. యౌవనవంతుడైన రాకుమారునితో వివాహమని తలచిన కన్య, అతని తండ్రి అంతఃపురమున మేల్కొన్నది. ఆమె సమ్మతి నెవ్వరడిగిరి? రాజాంతఃపురమున నున్నవారిలో ఈ మాట అడుగువాడు ఒక్కడును లేడు. ఆమె చేసిన అబద్ధారోపణ ఘోరము. దానిని మేము సమర్థింపము. కాని ఆ యింట మొదటి ద్రోహము ఆమెది కాదు. కుమారునికి తలపెట్టిన కన్యను తాను పరిగ్రహించిన తండ్రి మొదట కుమారునకు, పిదప రత్నాంగికి, ఆ వెంటనే చిత్రాంగికి ద్రోహము చేసినాడు. మూడు ద్రోహములు జరిగిన తరువాతనే పావురము మేడపై వ్రాలినది. రాజు చిత్రాంగి మాటను అంత త్వరగా నమ్మినదెందుకో కూడ ఇచ్చటనే బోధపడును. తాను కొడుకుసొమ్ము హరించితినను సంశయము అతని మనస్సున ముల్లువలె నున్నది. కొడుకు దానిని తిరిగి తీసికొన జూచునని అతడు లోలోపల ఎప్పుడో భయపడియున్నాడు. అందుచేత సాక్ష్యము అతనికి అవసరము లేకపోయెను. తన భయమునకు మాట దొరికినది, చాలినది.

ఇట్లు చదివినచో విషాదము రాజుది. సారంగధరుడు దేహమును కోల్పోవుచున్నాడు గాని ధర్మమును కోల్పోవుటలేదు. నిజము తెలిసిన మరునాడు సింహాసనముపై కూర్చుండవలసినవాడు తండ్రి. ఆజ్ఞ అతనిది, మరలించుకొనుటకు వీలులేని ఆజ్ఞ. కచేరీలో క్రింది కోర్టు తప్పు చేసినచో పై కోర్టు దిద్దవచ్చును. నఱకిన చేతికి అప్పీలు లేదు.

అందుచేతనే సిద్ధుడు వచ్చి అవయవములను అతికించు ముగింపును మేము నాటకమున కోరము. నాథసంప్రదాయమున ఆ ముగింపునకు గంభీరమైన అర్థము కలదు: రాజ్యమును, దేహమును పోగొట్టుకొన్నవాడే యోగి యగునని అందలి భావము. గౌరన కావ్యమున అది సముచితమే. కాని నాటకశాలలో అదే ముగింపు రాజునకు క్షమాపత్రమగుచున్నది. 'పోనీ, కాలుసేతులు వచ్చినవి గదా' అని సభ తేలికపడును. రాజు తలవంపు మాసిపోవును. ఆచార్యులవారు 'విషాద' మను మాటను నాటకమున కెక్కించుటలో ఈ తేలికదనమును నిరాకరించిరని మేము తలచుచున్నాము. వారి నాటకమాడువారు ఆ మాట నిలుపవలెను.

ఇక ప్రయోగమును గూర్చి నాలుగు మాటలు. మొదటిది చిత్రాంగి పాత్ర. పురుషులే స్త్రీ వేషములు ధరించిన కాలమున స్థానము నరసింహారావుగారు సత్యభామ, రోషనార వలెనే చిత్రాంగి వేషమున కూడ మిక్కిలి ఖ్యాతి గాంచిరి. ఒక ప్రతినాయికా పాత్రయే నటునకు కీర్తి తెచ్చినదనిన, ఆ పాత్రలో వగలకంటె లోతైనదేదో యున్నదనియే అర్థము. నేడు ఈ పాత్రను స్త్రీలే ధరించుచున్నారు. కావున ఈలలకు అవకాశమిచ్చు ఒయ్యారములను తగ్గించి, ఆమె ఒంటరితనమును పెంచినచో నాటకమునకు బలము కలుగును.

రెండవది రాజు. నటులు సాధారణముగా ఈ ఘట్టమున కేకలు వేయుదురు. కేక వేయు రాజును చూచి సభ చప్పట్లు కొట్టును. మెల్లగా, నిశ్చయముగా, ఒక్క ప్రశ్నయు అడుగక ఆజ్ఞ యిచ్చు రాజును చూచినచో సభ నిశ్శబ్దమగును. ఆ నిశ్శబ్దములోనే 'అడుగవేమి?' అను ప్రశ్న ప్రతివాని మనస్సున పుట్టవలెను.

మూడవది సభయందున్న తక్కిన వారు. మంత్రులున్నారు, పెద్దలున్నారు, రత్నాంగి యున్నది. వారి మాటలను కుదించి, కాలము మిగుల్చుకొనుటకు పాటలను నిలుపుట మన సమాజముల వాడుక. పాటలు తగ్గింపవచ్చును, ఈ మాటలను తగ్గింపరాదు. తెలిసియు ఊరకున్నవాడెవడు, ఎదిరించి చెప్పినవాడెవడు అను సంగతి తేలనిచో దోషమంతయు ఒక్క స్త్రీ నెత్తిపై పడును.

నాల్గవది శిక్ష. కాలుసేతుల ఖండనమును రంగముపై చూపుటకు రంగునీళ్లు, చెక్క చేతులు సేకరించువారు కలరు. దాని వలన జుగుప్స కలుగును గాని శోకము కలుగదు. ఒక్కొక్కప్పుడు నవ్వు కూడ పుట్టును. తలారుల వెంట నడచిపోవు కుమారుని వీపును చూపి తెర దించి, పిమ్మట తండ్రి ముఖమును చూపుట చాలును.

ఈ పాత నాటకమునకై యింత పరిశ్రమ యేల యని అడుగువారుందురు. రాజులు పోయిరి, అంతఃపురములు పోయినవి, కాలుసేతులు నఱకు శిక్షలు మన శాసనములలో లేవు. నిజమే. కాని ఒక్క నోటి మాటను నమ్మి కొడుకును గడప దాటించిన తండ్రులు, కోడలి మాట వినకయే తీర్పు చెప్పిన అత్తమామలు, అన్నదమ్ముల పాలు పంచునపుడు తామే వాదియు, తామే మధ్యవర్తియు నైన పెద్దలు మన వీధులలో లేరా? రెండవ వివాహము చేసికొనిన యింట మొదటి భార్య బిడ్డలపై వచ్చిన ప్రతి ఫిర్యాదును విచారింపకయే నిజమని నమ్ముట మనమెరుగనిదా? కచేరీలో ఇరుపక్షముల వాదము వినక పెదవి విప్పని న్యాయవాదియే, ఇంటికి వచ్చి కోటు విప్పినంతనే ఒక పక్షము విని తీర్పు చెప్పుట అరుదు కాదు. ఇట్లు తెగిన సంబంధములు కూడ నఱకిన చేతులవంటివే. తరువాత పశ్చాత్తాపపడినను అతుకవు.

బళ్ళారి న్యాయవాదులు పగటి వృత్తిని రాత్రి నాటకముతో కలిపి మనకొక అద్దము నిచ్చిరి. ఆ యద్దమున చిత్రాంగి ముఖమునే చూచి ఈల వేసి వచ్చుట సులభము. ఈసారి ఏ సమాజమైన సారంగధరను ఆడ బూనినచో, రాజు ఆజ్ఞ యిచ్చు ఘట్టమున సభలో చప్పట్లు వినబడకుండునట్లు ఆడుడని మేము కోరుచున్నాము. చూడబోవు మా పాఠకులు కూడ ఆ ఘట్టమున చేతులు కట్టుకొని, ఆ సింహాసనముపై తామే యుండినచో మొదట ఏ ప్రశ్న అడిగియుందురో ఆలోచింతురుగాక.